లైసెన్సు ఉంటే చాలదా? టైప్ రేటింగ్ గురించి, పైలట్లకు పెట్టే పరీక్షల గురించి మనూళ్లో అడిగే ప్రశ్నలు

నాది ఒడిశాలోని రాయగడ. ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్ 72 విమానంలో కో-పైలట్‌గా చేస్తున్నాను. సెలవు దొరికి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ దిగానంటే ఇంటికి చేరేలోపే ఇద్దరు ముగ్గురు ఆపుతారు, మజ్జిగౌరి గుడి దగ్గర ఇంకో ఇద్దరు, ఇక పెళ్లి భోజనాల బంతిలో దొరికానంటే చెయ్యి ఆరిపోయేదాకా వదలరు. జయపురానికి తొమ్మిది సీట్ల విమానం మొదలైన దగ్గర్నుంచి, అంటే 2022 అక్టోబరు 31 నుంచి, ఈ ప్రశ్నలు మరీ ఎక్కువయ్యాయి. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, కోరాపుట్ నుంచి కూడా పిల్లలూ వాళ్ల నాన్నలూ ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది చదివాక కూడా ఫోన్ చేస్తే పర్లేదు, కానీ రాత్రి పది దాటాక వద్దు, తెల్లారుజామున డ్యూటీ ఉంటుంది.

లైసెన్సు వచ్చేసింది కదా బాబూ, మళ్లీ ఈ టైప్ రేటింగ్ ఏంటి?

అందరూ మొదట అడిగేది ఇదే. కారు లైసెన్సు ఉంటే నిన్న మారుతి నడిపినవాడు ఇవాళ టాటా కొనుక్కుని షోరూమ్ నుంచే నడుపుకుంటూ ఇంటికొచ్చేస్తాడు, ఎవరూ అడ్డు చెప్పరు. విమానాల్లో అలా కుదరదు. కమర్షియల్ పైలట్ లైసెన్సు అంటే జీతం తీసుకుని విమానం నడపడానికి అర్హత ఉందని మాత్రమే. ఏ విమానం అన్నది వేరే లెక్క. ఆ విమానం పేరు మీ లైసెన్సు మీద ఎక్కాలి. మన దేశంలో శిక్షణలో నడిపిన బుల్లి సెస్నా 172 పేరు కూడా లైసెన్సు మీద ఉంటుంది. దానితో పాస్ అయినవాడు ఎయిర్‌బస్ ఏ320 కుడి సీట్లో, అంటే కో-పైలట్ సీట్లో, కూర్చోవాలంటే ఆ విమానానికి ప్రత్యేకంగా కోర్సు చేసి, పరీక్షలు రాసి, సిమ్యులేటర్లో చెక్ పాసై, మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ దగ్గర ఆ పేరు ఎక్కించుకోవాలి. టైప్ రేటింగ్ అంటే ఇదే. ఇదంతా 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని షెడ్యూల్ 2లో ఉంది. పాత 1934 చట్టం పోయి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, అయినా ఈ పద్ధతి మారలేదు.

అన్నీ విమానాలేగా, అంత తేడా ఏముంటుంది?

ఎయిర్‌బస్‌లో పక్కన చిన్న కర్ర ఉంటుంది, బోయింగ్‌లో ముందు యోక్ అని స్టీరింగ్ లాంటిది ఉంటుంది. ఇంజిన్ బలాన్ని దానంతటదే సర్దే ఆటో థ్రస్ట్ పనిచేస్తున్నప్పుడు బోయింగ్‌లో థ్రస్ట్ లీవర్లు వాటంతటవే ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి, ఎయిర్‌బస్‌లో కదలవు. బోయింగ్‌లో ఏళ్ల తరబడి చేసినవాడికి లీవర్ కదలికను బట్టి ఇంజిన్ పరిస్థితి తెలుసుకోవడం చేతికి అలవాటై ఉంటుంది, ఎయిర్‌బస్‌లోకి వచ్చాక ఆ అలవాటే మోసం చేస్తుంది. మా ఏటీఆర్‌లో పవర్ లీవర్లు కాక ప్రొపెల్లర్ల కోసం కండిషన్ లీవర్లని ఇంకో జత ఉంటాయి, జెట్‌లో అవి ఉండవు.

ఈ పాఠం చాలా పాతది. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ 299 అనే కొత్త బాంబర్‌ను చాలా అనుభవమున్న పైలట్లు ఎగరేశారు. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక మీది కదిలే పలకలు ఊగకుండా వేసే తాళం తీయడం మర్చిపోయారు, లేచిన కాసేపటికే పడిపోయింది. వాళ్లకు విమానం నడపడం రాదని కాదు, ఆ విమానంలో గుర్తుంచుకోవాల్సినవి మరీ ఎక్కువ. పైలట్ల చేతికి చెక్‌లిస్టు వచ్చింది ఆ దెబ్బతోనే.

అమెరికాలో అయితే 12,500 పౌండ్లు, అంటే సుమారు 5,700 కిలోలు దాటిన విమానాలకూ, జెట్లకూ టైప్ రేటింగ్ తప్పనిసరి.

ఒక్క రేటింగ్‌తో ఎన్ని మోడళ్లు నడపొచ్చు?

కుటుంబాన్ని బట్టి. ఏ319, ఏ320, ఏ321 ఒకే రేటింగ్ కిందకి వస్తాయి. ఏటీఆర్ 42, 72 కూడా అంతే. కానీ మోడల్ మారితే డిఫరెన్సెస్ ట్రైనింగ్ అని ఒకటి ఉంటుంది. పాత ఏటీఆర్ 72-500లో గుండ్రటి గడియారాల్లాంటి మీటర్లు, 600లో పెద్ద తెరలు, రెండింటికీ మధ్య తేడాలు నేర్చుకుంటే గాని వదలరు.

"ఏముంది, చిన్న తేడాయేగా" అనుకున్న చోటే దెబ్బ తగులుతుంది. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర బోయింగ్ 737-400 పడిపోయి 47 మంది పోయారు. ఎడమ ఇంజిన్ చెడితే పైలట్లు బాగున్న కుడి ఇంజిన్ ఆపేశారు. వాళ్లు అంతకుముందు నడిపింది 737-300. కొత్త మోడల్ మీద వాళ్లకు సిమ్యులేటర్ శిక్షణే లేదు, తరగతి గదిలో చెప్పిన పాఠంతో సరిపెట్టారు. ముప్పై ఏళ్ల తర్వాత 737 మ్యాక్స్‌లో కూడా అదే కథ కదా. పాత 737 తెలిసినవాళ్లకు ట్యాబ్‌లో చూసుకునే చిన్న కోర్సు చాలన్నారు, అందులో ఎమ్‌క్యాస్ అనే కొత్త వ్యవస్థ గురించి చెప్పనే లేదు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో ఒకటి, 2019 మార్చిలో ఇథియోపియాలో ఒకటి కూలి మొత్తం 346 మంది చనిపోయారు. మళ్లీ ఎగరనిచ్చేటప్పుడు సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరి చేశారు. తయారీ కంపెనీలకు "అదే రేటింగ్ చాలు" అనిపించుకోవడంలో డబ్బు ఉంది, ఎందుకంటే విమానాలు కొనే ఎయిర్‌లైన్‌కు శిక్షణ ఖర్చు మిగులుతుంది. అందుకే ఆ మాట వినపడితే నాకు కాస్త అనుమానమే.

అసలు టైప్ రేటింగ్ దాకా వెళ్లాలంటే ముందు ఏమేం కావాలి?

క్లుప్తంగా చెప్తాను, ఇది ఎక్కడైనా దొరుకుతుంది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో ప్లస్ టూ. 18 ఏళ్లు నిండాలి. ముందు క్లాస్ 2 మెడికల్, తర్వాత క్లాస్ 1. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్, టెక్నికల్ పేపర్లు, ఒక్కోదానిలో 70 శాతం రావాలి. రేడియో లైసెన్సు. 200 గంటల ఫ్లయింగ్, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత నీదే అయ్యేలా. వాటిలోనే 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి, రాత్రిపూట 5 గంటలు, ఇన్‌స్ట్రుమెంట్లు చూసి నడిపేవి 10 గంటలు.

ఒక్క సలహా ఇస్తాను. డబ్బు కట్టకముందే మెడికల్ చేయించుకోండి. ఫీజు కట్టేసి, విదేశాలకెళ్లి వంద గంటలు నడిపొచ్చాక రంగులు గుర్తుపట్టే పరీక్షలో ఆగిపోయినవాళ్లున్నారు. కళ్లద్దాలుంటే పర్లేదు, చాలామందికి ఉంటాయి.

మావాడు ఒడియా మీడియం. ఇంగ్లీషు అంతంత మాత్రం. కుదురుతుందా?

కుదురుతుంది. నేనూ ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో రెండూ కలిపి మాట్లాడినవాణ్నే. కానీ రేడియోలో ఇంగ్లీషే. అంతర్జాతీయ కొలత ప్రకారం లెవెల్ 4 కనీసం ఉండాలి. అది వస్తే మూడేళ్లకోసారి మళ్లీ పరీక్ష, లెవెల్ 5కి ఆరేళ్లు, లెవెల్ 6 వస్తే మళ్లీ అడగరు. యాస పోవాలని కాదు, అవతలివాడికి ఒక్కసారి చెప్తే అర్థం కావాలి. మా యాసలో "టెన్ థౌజండ్" విని ఎవరూ నవ్వలేదు ఇప్పటిదాకా.

టైప్ రేటింగ్ కోర్సులో ఏం చేయిస్తారు?

మొదట తరగతి. హైడ్రాలిక్స్, కరెంటు, ఇంధనం, ఇంజిన్లు, మంచు పట్టకుండా చేసే ఏర్పాట్లు, ఒక్కో వ్యవస్థా విడివిడిగా. వారాల తరబడి కంప్యూటర్ ముందు కూర్చోవాలి, చివర రాతపరీక్ష. ఆ తర్వాత కదలని డమ్మీ కాక్‌పిట్లో ఏ స్విచ్ ఎక్కడుందో, ఏ వరుసలో నొక్కాలో. ఆ తర్వాతే పూర్తిస్థాయి సిమ్యులేటర్. ఒక్కో సెషన్ నాలుగు గంటలు, ఇద్దరు ట్రైనీలు, రెండు గంటలు నువ్వు నడుపు, రెండు గంటలు పక్కవాడు నడుపుతుంటే సాయం చెయ్యి.

డమ్మీ కాక్‌పిట్ రోజుకి గంటో రెండు గంటలో దొరుకుతుంది. మిగతా సాధన అంతా కాగితం మీదే. నిలువెత్తు కాక్‌పిట్ పోస్టర్ ఉంటుంది, దాన్ని పేపర్ టైగర్ అంటారు. కోర్సు మధ్యలో నాలుగు రోజులు సెలవొస్తే నేను దాన్ని ఇంటికి తెచ్చి పడకగది బీరువాకి అంటించాను. దాని ముందు రెండు పీటలు. ఎడమ పీట కెప్టెన్‌ది, అందులో మా అమ్మ కూర్చునేది. చెక్‌లిస్టు ఇంగ్లీషులో ఉంటే నేను తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను, ఆవిడ కళ్లజోడు పెట్టుకుని "బ్లీడ్ వాల్వ్స్" అని చదివితే నేను బీరువా మీద వేలు పెట్టి చూపించి జవాబు చెప్పాలి. వేలు ఒక్క స్విచ్ పక్కకు పడినా "అది కాదురా, నిన్న దాని కిందది చూపించావు" అనేది. మూడో రోజుకి ఆవిడకి వరుస కంఠతా వచ్చేసింది. ఇప్పటికీ ఆ బీరువా తలుపు మీద టేపు మరకలున్నాయి.

సిమ్యులేటర్ అంటే వీడియో గేమ్ లాంటిదేగా?

పెళ్లిలో ఒక బావగారు ఈ మాటన్నారు, ఆయన మీద గౌరవం కొద్దీ నవ్వి ఊరుకున్నాను. ఆరు కాళ్ల మీద నిలబడ్డ పెద్ద డబ్బా అది. లోపల నిజం కాక్‌పిట్, స్విచ్ స్విచ్‌కీ అదే. లెవెల్ డి అని పై తరగతివి ఉంటాయి, వాటిలో చేసిన గంటలకు నిజం విమానంతో సమానమైన విలువ ఇస్తారు. విమానంలో చేసి చూడలేనివన్నీ అందులో చేయిస్తారు. టేకాఫ్‌లో ఇంక ఆగలేని వేగం వచ్చిన క్షణంలో ఇంజిన్ పోవడం, పొగ, రన్‌వే దగ్గర గాలి తిరగబడటం, పక్క పైలట్ ఉన్నట్టుండి స్పృహ తప్పడం. ఏటీఆర్‌లో ఒక ఇంజిన్ పోతే ముక్కు అటువైపు ఎంత గట్టిగా లాగుతుందంటే, కాలితో రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) తొక్కి పట్టుకుంటే పిక్క వణుకుతుంది. సిమ్యులేటర్‌కి ఖాళీ ఉండదు కాబట్టి నాకు స్లాట్లు చాలావరకు అర్ధరాత్రి పడ్డాయి. రెండింటికి లోపలికెళ్లి ఆరింటికి చొక్కా తడిసి బయటికొచ్చి టీ తాగిన రోజులు చాలా ఉన్నాయి.

అందులో పాసైతే నేరుగా ప్రయాణికులతోనేనా?

లేదు. కొత్తవాళ్లయితే ముందు ఖాళీ విమానంతో బేస్ ట్రైనింగ్. లేవడం, ఒక చుట్టు తిరగడం, దిగడం, మళ్లీ లేవడం. అనుభవం బాగా ఉన్నవాళ్లకు ఇది కూడా సిమ్యులేటర్లోనే అయిపోవచ్చు. ఆ తర్వాత లైన్ ట్రైనింగ్, అంటే ప్రయాణికులున్న మామూలు సర్వీసే, కాకపోతే పక్కన శిక్షణ ఇచ్చే కెప్టెన్. మొదట్లో వెనక జంప్ సీట్లో సేఫ్టీ పైలట్ ఇంకొకరు కూడా ఉంటారు. చివర రూట్ చెక్ పాసైతేనే ఒక మామూలు కో-పైలట్‌గా వదులుతారు.

అంటే మేమెక్కిన విమానాన్ని ట్రైనీ నడుపుతూ ఉండొచ్చా?

ఉండొచ్చు. దాచడమెందుకు, ప్రపంచంలో ఎక్కడైనా ఇదే పద్ధతి, వేరే దారి లేదు. బస్సు కండక్టరు "ఈయన కొత్త డ్రైవరండీ" అని చెప్పనట్టే మేమూ చెప్పం. మామూలుగా ఇందులో ప్రమాదమేమీ లేదు, పక్కనున్నాయన చేతులు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

కానీ చెక్ జరుగుతున్న విమానంలో ఒక వింత చిక్కు ఉంటుంది, దాని గురించి మాత్రం చెప్పాలి. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో పడిపోయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 146 మందిలో 92 మంది పోయారు. ఎడమ సీట్లో ఉన్నాయనకు అది కెప్టెన్ అవడానికి జరుగుతున్న రూట్ చెక్. కుడి సీట్లో పరీక్షించే కెప్టెన్. అప్పటికి ఏ320లు మన దేశానికి కొత్త, ఆ విమానం వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. దిగేటప్పుడు విమానం ఇంజిన్లు ఐడిల్‌లోనే, అంటే అతి తక్కువ శక్తిలోనే, ఉండిపోయే మోడ్‌లో ఉంది, వేగం తగ్గుతూనే ఉంది, ఇద్దరూ సమయానికి గమనించలేదు. ఒకరి మనసు పరీక్ష మీద, ఇంకొకరి మనసు పరీక్షించడం మీద ఉంటే విమానం వేగం చూసేదెవరు? ఇది నా అభిప్రాయమే, కానీ ప్రతి చెక్ ముందూ నాకిదే గుర్తొస్తుంది.

2023 జనవరి 15న నేపాల్ పొఖరాలో మా ఏటీఆర్ 72 లాంటి విమానమే పడిపోయింది, 72 మందీ పోయారు. ఆ రోజు కూడా శిక్షకుడైన కెప్టెన్ పక్కన కూర్చుని ఇంకో కెప్టెన్‌కు కొత్త విమానాశ్రయం అలవాటు చేయిస్తున్నారు. దిగేముందు రెక్కల వెనక కిందికి దించే ఫ్లాప్స్ అడిగితే చెయ్యి కండిషన్ లీవర్ల మీదకెళ్లింది. రెండు ప్రొపెల్లర్లూ తోసే శక్తి లేకుండా అయిపోయాయి. తప్పు లీవర్ మీద చెయ్యి వేసింది శిక్షకుడే. ఆ నివేదిక చదివిన దగ్గర్నుంచి ఫ్లాప్ లీవర్ పట్టుకునేముందు దాని ఆకారం వేళ్లతో తడిమి చూసే అలవాటైంది నాకు.

టైప్ రేటింగ్ మనమే డబ్బు కట్టి చేసుకుంటే ఉద్యోగం గ్యారంటీనా?

కాదు. ఇంకోసారి చెప్తున్నాను, కాదు. ఒక్క టైప్ రేటింగ్‌కే పదిహేను నుంచి పాతిక లక్షల దాకా అడుగుతున్నారు, అదీ లైసెన్సుకి యాభై లక్షల దాకా పోసిన తర్వాత. మా బంధువుల్లోనే ఒకతను, పేరొద్దు, ఒక ఏజెంట్ మాట నమ్మి ఏ320 రేటింగ్‌కి డబ్బు కట్టాడు. "రేటింగ్ ఉంటే కంపెనీలు క్యూ కడతాయి" అన్నారట. వాళ్ల నాన్న గుణుపురం దగ్గర ఎకరంన్నర తాకట్టు పెట్టారు. తీరా సిమ్యులేటర్ స్లాట్ ఇవాళ రేపు అంటూ ఎనిమిది నెలలు నడిపారు. కోర్సు పూర్తయ్యేసరికి ఏ320ల్లోకి కొత్తవాళ్లను తీసుకోవడం ఆగిపోయింది, ఏటీఆర్‌కి పిలుపొస్తే ఆ రేటింగ్ పనికిరాలేదు. మళ్లీ కోర్సు చేయాల్సొచ్చింది.

నా మాటేమిటంటే, ముందు ఎయిర్‌లైన్ సెలెక్షన్ కాగితం చేతికి రావాలి, ఆ తర్వాతే వాళ్లు చెప్పిన రకానికి రేటింగ్. కొన్ని కంపెనీలు బాండ్ రాయించుకుని వాళ్లే చేయిస్తాయి, ఆ బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో చదివి సంతకం పెట్టండి. డబ్బు కట్టే చోటు డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థో కాదో చూడండి. ఎవరైనా "గ్యారంటీ" అంటే ఆ గ్యారంటీ స్టాంపు కాగితం మీద రాసివ్వమనండి, అక్కడే తేలిపోతుంది.

ఒకసారి రేటింగ్ వస్తే జీవితాంతం ఉంటుందా?

లైసెన్సు కాగితానికి గడువు ఇప్పుడు పదేళ్లు, 2023లో ఐదు నుంచి పదికి పెంచారు. 2025 ఫిబ్రవరి నుంచి అది ఫోన్లో ఎలక్ట్రానిక్ లైసెన్సుగా కూడా వస్తోంది. కానీ కాగితం బతికుంటే చాలదు. ఆరు నెలలకోసారి పైలట్ ప్రొఫిషియన్సీ చెక్, పీపీసీ అంటాం. ఏడాదికోసారి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్, లైన్ చెక్. వీటిలో తెలివితేటలు ప్రదర్శించకుండా అంతర్జాతీయ నిబంధనలో ఒక మెలిక పెట్టారు, నాకది నచ్చుతుంది. ఏడాదిలో రెండు చెక్‌లు కావాలి, కానీ ఒకే రకమైన రెండు చెక్‌లు నాలుగు నెలల లోపు చేసేసి "రెండూ అయిపోయాయి" అంటే ఒప్పుకోరు.

ఇది కాక, గడిచిన 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. పెళ్లని, జ్వరమని మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే తిరిగి వెళ్లగానే సీటు ఇవ్వరు, ముందు సిమ్యులేటర్‌కి పంపుతారు.

మెడికల్ కూడా ఏడాదికోసారి తప్పదు, వయసు పెరిగేకొద్దీ తరచూ. 65 దాటితే ఎయిర్‌లైన్లో నడపనివ్వరు.

ఫెయిలైతే ఉద్యోగం పోతుందా?

వెంటనే పోదు. విమానం మీద నుంచి దించుతారు, ఎక్కడ తప్పిందో రాస్తారు, ఆ భాగానికి మళ్లీ శిక్షణ, మళ్లీ చెక్. పదే పదే అయితే మాత్రం కష్టమే.

నాకూ అయింది. రెండో పీపీసీలో ఒక ఇంజిన్‌తో వచ్చి, దిగలేక మళ్లీ పైకెళ్లాలి. వెళ్లాను గాని ఆగాల్సిన ఎత్తు దగ్గర ఆగలేదు, ఎత్తు కొలిచే సూది నూటయాభై అడుగులు దాటేసింది, అక్కడ వంద దాటకూడదు. వేగం చూస్తూ ఎత్తు వదిలేశాను. ఎగ్జామినర్ ఏమీ అనలేదు, పెన్సిలుతో కాగితం మీద చిన్న గీత గీశారు, ఆ చప్పుడు మాత్రం వినిపించింది. నాలుగు రోజుల తర్వాత ఒక అదనపు సెషన్, దాని మర్నాడు మళ్లీ చెక్, పాసయ్యాను. ఇంట్లో చెప్పలేదు, ఇప్పుడు ఇది చదివే తెలుసుకుంటారు.

ఆ నాలుగు రోజులూ తలవంపుగానే ఉండింది. కానీ ఆ గీతల్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2015 ఫిబ్రవరి 4న తైవాన్‌లో చూశాం. ట్రాన్స్ఆసియా ఏటీఆర్ 72-600, టేకాఫ్ అయిన కాసేపటికే రెండో ఇంజిన్ ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అయింది, అంటే రెక్కలు గాలికి అంచు పెట్టి తోసే శక్తి ఆగిపోయింది. కెప్టెన్ బాగున్న మొదటి ఇంజిన్ ఆపేశారు. విమానం నదిలో పడింది, 43 మంది పోయారు. దర్యాప్తులో తేలిందేంటంటే, ఇంజిన్ పోయినప్పుడు చేయాల్సిన పనుల్లో ఆయన తడబడుతున్నట్టు కెప్టెన్‌గా పెంచేటప్పటి సిమ్యులేటర్ రికార్డుల్లో ముందే రాసి ఉంది.

పరీక్షించేది కూడా ఆ కంపెనీ మనిషేగా? మనవాడే అని పాస్ చేసెయ్యరా?

మంచి ప్రశ్న, మా మేనమామ అడిగాడు, ఆయన బ్లాక్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు కాబట్టి ఇలాంటివి బాగా తడతాయి. నిజమే, డెజిగ్నేటెడ్ ఎగ్జామినర్లు చాలావరకు ఎయిర్‌లైన్ కెప్టెన్లే. కానీ చెక్ చేసే ఆ కాసేపు వాళ్లు డీజీసీఏ తరఫున కూర్చుంటారు, సంతకం వాళ్ల సొంత లైసెన్సు మీదకొస్తుంది. డీజీసీఏ సొంత ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్లు కూడా ఉన్నారు, చెప్పకుండా వచ్చి జంప్ సీట్లో కూర్చుంటారు. మొహమాటాలు అసలే ఉండవని నేననను. మా ఎగ్జామినర్లలో నాతో రోజూ టీ తాగే ఆయనే అందరికంటే గట్టివాడు, అంత మాత్రం చెప్పగలను.

నకిలీ లైసెన్సుల సంగతేంటి? వార్తల్లో చూశాం.

జరిగాయి. 2011లో మన దేశంలోనే నకిలీ మార్కుల షీట్లు పెట్టి పెద్ద లైసెన్సు తెచ్చుకున్న పైలట్లు బయటపడ్డారు. గోవాలో ఒక విమానం ముక్కు చక్రం మీద దిగడంతో కూపీ లాగారు, అక్కడ మొదలైంది. పాకిస్తాన్‌లో 2020 మేలో కరాచీ ప్రమాదం తర్వాత, 262 మంది పైలట్ల లైసెన్సుల మీద అనుమానాలున్నాయని స్వయంగా విమానయాన మంత్రే పార్లమెంటులో చెప్పారు. దాంతో పాకిస్తాన్ ప్రభుత్వ ఎయిర్‌లైన్ విమానాల్ని ఐరోపా రానివ్వడం ఆపేసి 2024 నవంబరులో గాని మళ్లీ తలుపు తియ్యలేదు. ఒకటి గమనించండి, వీటిలో చాలావరకు రాతపరీక్షల మోసాలు. రాతపరీక్ష ఇంకొకడి చేత రాయించొచ్చు, సిమ్యులేటర్లో ఇంకొకడి కాలితో రడ్డర్ తొక్కలేం.

డ్యూటీకి ముందు రోజూ నోట్లో గొట్టం పెట్టి ఊదిస్తారట?

అవును, బ్రెత్ ఎనలైజర్. పరిమితి సున్నా. కొద్దిగా అనే మాటే లేదు. డ్యూటీకి 12 గంటల ముందు నుంచి మందు ముట్టకూడదు. మొదటిసారి దొరికితే మూడు నెలలు సస్పెన్షన్, రెండోసారి మూడేళ్లు, మూడోసారి లైసెన్సే రద్దు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వాడకూడదని 2023లో చేర్చారు.

మనవైపు వాళ్లు దీనికి అనుబంధ ప్రశ్న ఒకటి తప్పకుండా అడుగుతారు: పఖాళ తిని ఊదితే పట్టేస్తుందా? రాత్రి నానబెట్టిన అన్నం పులుస్తుంది కాబట్టి భయం సహజమే. ఎండాకాలం నాకు చద్దన్నం లేకపోతే పూట గడవదు, అయినా డ్యూటీ ఉన్న పొద్దున ముట్టను, ఇడ్లీ తింటాను. మిషన్ పాజిటివ్ చూపిస్తే నోరు పుక్కిలించుకోనిచ్చి కాసేపాగి రెండోసారి ఊదిస్తారు, నోట్లో మిగిలిందే అయితే ఆ లోపు పోతుంది. కానీ ఆ కాసేపట్లో కలిగే టెన్షన్ ఏ పఖాళకీ తగదు. జీలుగు కల్లు, ఇప్పసారా సంగతి అడగనే వద్దు. సంక్రాంతికి ఊళ్లో ఉండి మర్నాడు డ్యూటీ ఉంటే నేను కజ్జికాయలతోనే సరిపెట్టుకుంటాను.

జయపురం వచ్చే చిన్న విమానానికి కూడా ఇంత తతంగం ఉంటుందా?

అది సెస్నా గ్రాండ్ కారవాన్, ఒకే ఇంజిన్, నాలుగు టన్నుల లోపు బరువు. అమెరికాలో దానికి టైప్ రేటింగ్ అక్కర్లేదు. మన దగ్గర ఆ పేరు లైసెన్సు మీద ఉండాల్సిందే, షెడ్యూల్డ్ సర్వీసు కాబట్టి చెక్‌లూ ఉంటాయి. చిన్నదని తేలిగ్గా చూడకండి. వానాకాలం కోరాపుట్ కొండల మీద మబ్బు కిందికి దిగితే, ముప్పై వేల అడుగుల పైన హాయిగా పోయే జెట్ వాడి కంటే వీళ్లకే పని ఎక్కువ.

బిజూ బాబు రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?

ఒడిశాలో ఉండి ఈ ప్రశ్న తప్పించుకోలేం. మా మాజీ ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ 1947లో డకోటా విమానం వేసుకుని ఇండోనేషియా వెళ్లి అక్కడి నాయకుల్ని బయటికి తెచ్చారు, కళింగ ఎయిర్‌లైన్స్ నడిపారు. లైసెన్సులు అప్పుడూ ఉన్నాయి, నేను చెప్పిన రూల్స్‌కి అప్పటికే పదేళ్లు. ఇవాళ్టి లాంటి సిమ్యులేటర్లు మాత్రం లేవు, చాలా సంగతులు గాల్లోనే నేర్చుకునేవాళ్లు, కొందరు చెప్పుకోవడానికి మిగల్లేదు కూడా.

కెప్టెన్ ఎప్పుడవుతావు?

అమ్మమ్మ ప్రశ్న. 21 ఏళ్లు, 1500 గంటలు, ఏటీపీఎల్ అనే పై స్థాయి ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు, ఆ తర్వాత కంపెనీలో ఖాళీ, కమాండ్ ట్రైనింగ్, మళ్లీ చెక్‌లు. పెళ్లి ఎప్పుడన్న ప్రశ్నకి ఈ పేజీలో జవాబు లేదు.

విమానం ఎక్కినప్పుడు పైలట్‌ని "మీ చెక్ ఎప్పుడైంది" అని అడగొచ్చా?

ఎక్కేటప్పుడు వద్దు, ఆ పది నిమిషాలూ లోపల లెక్కలు, బరువులు, వాతావరణం చూసుకుంటూ ఉంటాం. దిగాక తలుపు దగ్గర అడగండి. చాలామంది తేదీతో సహా చెప్తారు, ఎందుకంటే తర్వాతిది ఎప్పుడో మాకు బాగా గుర్తుంటుంది. నాది వచ్చే నెల 11న, రాత్రి ఒంటిగంట స్లాట్.